బెల్లు ఆగాక

ఫిబ్రవరి 9

తలుపులు మూయడంలో ఆరితేరిన అన్నయ్యకి,

ఫోన్ చేస్తే ఎత్తుతావు. ఎత్తితే నేను అరుస్తాను. అరిస్తే నువ్వు "సరేలేవే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

నిన్న మా ఆఫీసు అద్దాలు పగలగొట్టారు. ప్రతిపక్షం వాళ్లు అనుకుంటున్నావేమో, కాదు. మా పార్టీ కుర్రాళ్లే. పోయిన ఎన్నికల్లో నా జెండా మోసిన చేతులే రాళ్లు విసిరాయి. గోడ మీద "అమ్ముడుపోయిన అక్క" అని ఎర్ర రంగుతో రాశారు. మీ బావ పొద్దున్నే సున్నం బకెట్టుతో వెళ్లి చెరపబోయాడు. చెరిగింది "అక్క" ఒక్కటే. మిగతాది అలాగే ఉంది.

ఒక్క ఓటు, అన్నయ్యా. ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలిపోయింది. సభ రద్దయింది, ఎన్నికలొచ్చాయి. ఆ ఒక్క ఓటు నాదేనని దేశమంతా వేలు చూపిస్తోంది.

నీకు బిల్లులతో పనేముంది, సభ తలుపులతోనే కదా పని! కాబట్టి చెప్తున్నాను విను. మన నది మీద డ్యామ్ ఉంది కదా. దాని గేట్లు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో ఇన్నాళ్లూ మన రాష్ట్ర ప్రభుత్వమే చూసుకుంటోంది. ఆ అధికారం ఇకమీదట కేంద్రానిది అన్నదే ఆ బిల్లు. డ్యామ్ పైనున్న ఊళ్లవాళ్లు వద్దంటున్నారు. కిందనున్న టౌనువాళ్లు కావాలంటున్నారు. ప్రధానమంత్రిగారేమో లేచి నిలబడి, "ఈ బిల్లు ఓడితే సభకు మా మీద నమ్మకం పోయిందనే అర్థం, దిగిపోతాం" అని పంతానికి పోయారు. నేను అధికార పార్టీ మనిషిని. సభ లోపల ఉండి, బిల్లుకి ఔనని లేచి నిలబడాల్సిన మనిషిని.

మరి నేనెక్కడున్నాను? బయట. ఎందుకు? మా అన్నయ్య తలుపు మూశాడు గనక.

మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వచ్చాను. బెల్లు ఇంకా మోగుతోంది. నువ్వు నన్ను చూశావు. కళ్లలోకి చూశావు. చూసి మరీ తలుపు వేసి గొళ్లెం పెట్టావు. ఆ చిన్న అద్దంలోంచి నీ మీసం కనబడుతూనే ఉంది నాకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. కొత్త సభ వచ్చేదాకా స్పీకర్ గారు పదవిలోనే ఉంటారు. ఆయనకు రాసివ్వు. బెల్లు మోగుతుండగానే పొరపాటున తలుపు మూశానని. ఒక్క వాక్యం చాలు. మా పార్టీ ఈ నెలాఖరుకు టికెట్లు ఇస్తుంది. ఆలోగా నా మీద మచ్చ పోవాలి. పోకపోతే నా రాజకీయం అక్కడితో సరి.

వదినకి చెప్పకు. బాధపడుతుంది.

ఇట్లు,
బయట నిలబడ్డ నీ చెల్లెలు

ఫిబ్రవరి 14

చిట్టీ,

"గౌరవనీయ సభ్యురాలికి" అని మొదలుపెడదామనుకున్నాను. కానీ సభ రద్దయింది కదా, నువ్విప్పుడు సభ్యురాలివి కావు. కోపం వచ్చిందా? నాకూ వచ్చింది.

మీ వదినకి చెప్పొద్దన్నావు. ఉత్తరం అందుకున్నది ఆవిడే, చింపి చదివిందీ ఆవిడే. కుట్టుమిషన్ ముందు కూర్చుని, పక్కింటామె జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది.

తలుపు గురించి నాకు చెప్తున్నావు కాబట్టి నేనూ చెప్తాను. ఓటింగ్ అనగానే బెల్లు మోగుతుంది. మోగినంతసేపు తలుపు బార్లా తెరిచి ఉంచాలి. క్యాంటీన్లో ఉన్నా, లైబ్రరీలో ఉన్నా, బాత్రూములో ఉన్నా ఆ లోగా వచ్చేయాలి. బెల్లు ఆగిందా, తలుపు మూయాలి. ఎవరొచ్చినా అంతే. ఒకసారి ఒక మంత్రిగారి కోటు అంచు తలుపులో పడింది. మంత్రి బయట, కోటు బయట, కోటు గుండీ లోపల. ఓటింగ్ అయ్యాక ఆ గుండీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. పుచ్చుకుని "బాగుందయ్యా" అన్నాడే తప్ప నా మీద కేకలేయలేదు.

ఎందుకంత పట్టుదల అంటావా? ప్రభుత్వం నిలబడేది లోపలున్న తలలు లెక్కపెట్టి. ఆ తలుపు ఆ పార్టీకి ఒకలా, ఈ పార్టీకి ఒకలా మూసుకుంటే ఇక లెక్కెందుకు? తలుపు దగ్గర నిలబడేవాడే ప్రధానమంత్రిని పెట్టేయొచ్చు, తీసేయొచ్చు. నాకంత సరదా లేదు.

నేను మూసినప్పుడు బెల్లు మోగడం లేదు. ఆగిపోయింది. నువ్వు రాయమన్న వాక్యం అబద్ధం. అబద్ధం రాయను.

ఇంకొకటి. ఇప్పుడు అవసరానికి అన్నయ్యనయ్యాను. నాలుగేళ్లపాటు ఆ గుమ్మం దాటావు. పక్కన నడిచేవాళ్లతో ఒక్కసారైనా "ఈయన మా అన్నయ్య" అన్నావా? నేను తలుపు తీసి "రండి మేడమ్" అంటే తల ఊపి పోయేదానివి. చిన్నప్పుడు నిన్ను సైకిల్ మీద స్కూలుకి దించింది నేనే కదా. అప్పుడు నీకు సిగ్గనిపించలేదు. నేను ఈ యూనిఫాం వేసుకున్నాక అనిపించింది కాబోలు.

పరిగెత్తుకుంటూ వచ్చానన్నావు. సరే. దాని జోలికి నేను పోను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మాత్రం గుర్తు చేస్తున్నాను.

బాత్రూములో కొళాయి కారుతూనే ఉంది. క్వార్టర్స్ వాళ్లకి చెప్పి చెప్పి నోరు పడిపోయింది. నువ్వు సభ్యురాలిగా ఉన్నప్పుడైనా ఒక మాట చెప్పించుకోలేదు నేను. అదీ గుర్తుంచుకో.

అన్నయ్య

ఫిబ్రవరి 20

అన్నయ్యా,

సిగ్గా? నాకా?

ప్రమాణం చేసిన రోజు నేను నీ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నది ఎవరు? "ఇక్కడ అన్నయ్యా గిన్నయ్యా అనకు, నీకు అన్ననని తెలిస్తే నన్ను ఈ తలుపు దగ్గర ఉంచరు" అన్నది ఎవరు? ఆ తలుపు నీకు ప్రాణమని తెలిసి, నాలుగేళ్లు నోరు కుట్టేసుకున్నాను. నువ్వు "మేడమ్" అన్న ప్రతిసారీ నాకెలా ఉండేదో నీకేం తెలుసు? ఇప్పుడు అదే నా నేరమంటావు. బాగుంది. చాలా బాగుంది.

ఎలాగూ నిన్న ఆ గుట్టు రట్టయింది. పేపర్లో మనిద్దరి ఫొటోలు పక్కపక్కన వేశారు. "అన్న మూసిన తలుపు, చెల్లి ఆడిన నాటకం." ఇద్దరం కూడబలుక్కుని ప్రభుత్వాన్ని పడగొట్టామట. ఆ తలుపు దగ్గరున్నది మా అన్నయ్యేనని ఇక్కడ మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. అక్కడ మీ ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. నువ్వు చెప్పవు. ఇక మిగిలింది ఎవరో నువ్వే ఆలోచించుకో. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లతో కబుర్లు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

పార్టీ వాళ్లు నన్ను గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. దొంగను అడిగినట్టు. రాష్ట్ర శాఖ వాళ్లు ఒకవైపు, కేంద్ర శాఖ వాళ్లు ఒకవైపు. రాష్ట్రం వాళ్లు "మన రాష్ట్రం అధికారం లాక్కునే బిల్లుకి నువ్వెలా ఓటేద్దామనుకున్నావు?" అన్నారు. కేంద్రం వాళ్లు "మన ప్రభుత్వం బిల్లుకి నువ్వెందుకు ఓటేయలేదు?" అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను చెప్పగలిగింది ఒకటే. తలుపు మూసేశారు, తలుపు మూసేశారు, తలుపు మూసేశారు. ఎన్నిసార్లు చెప్పినా వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు తప్ప నమ్మలేదు.

నిజంగా నీకు రూలే ముఖ్యమైతే ఒక్కదానికి జవాబు చెప్పు. ఆ ప్రతిపక్షం బొజ్జాయన ఎలా లోపలికెళ్లాడు? క్యాంటీన్లోంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. నా పక్కనుంచే దాటుకుని పోయాడు. ఆయన పోయాక తలుపు పడింది. ఆయనకి తెరుచుకున్న తలుపు నాకెందుకు మూసుకుంది? ఎవరి మనిషివి నువ్వు? ఎవరికి కాపలా కాస్తున్నావు?

నిన్ను అనుమానించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అనుమానిస్తున్నాను.

రాసివ్వు. ఇంకా వారం ఉంది.

చెల్లెలు

ఫిబ్రవరి 26

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి చింపేద్దామనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. "నా పక్కనుంచే దాటుకుని పోయాడు."

బొజ్జాయనకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్లెక్కాలంటే ఒకళ్లు ముందు లాగాలి, ఒకళ్లు వెనక తోయాలి. అలాంటి మనిషి, పరిగెత్తుకుంటూ వస్తున్న నిన్ను ఎలా దాటాడమ్మా?

ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను. నా భార్యను కూడా ఇందులోకి లాగావు కాబట్టి విప్పుతున్నాను.

నువ్వు పరిగెత్తలేదు. మంచినీళ్ల కూలర్ దగ్గర నిలబడి ఉన్నావు. చేతిలో గ్లాసు ఉంది. అందులో నీళ్లున్నాయి. తాగడం లేదు. బెల్లు మొదలవకముందు నుంచీ అక్కడే ఉన్నావు. బెల్లు మోగుతున్నంతసేపూ అక్కడే ఉన్నావు. అందరూ నిన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. నేను నిన్నే చూస్తున్నాను. నువ్వు నన్నే చూస్తున్నావు. మొహం తెల్లగా పాలిపోయింది. చిన్నప్పుడు పరీక్ష హాలు బయట ఇలాగే అయ్యేదానివి, నేను భుజం మీద తడితే గానీ లోపలికి పోయేదానివి కాదు. ఒంట్లో బాగాలేదేమో, కాళ్లాడటం లేదేమో అనుకున్నాను. డ్యూటీలో ఉన్నవాణ్ణి, వచ్చి భుజం తట్టలేను.

బెల్లు ఆగింది.

విను చిట్టీ. బెల్లు ఆగింది, నేను తలుపు మూయలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, బెల్లు ఆగాక కూడా తలుపు పట్టుకుని నిలబడ్డాను. నీ కోసం. రా, రా, రా అని లోపల్లోపల గింజుకున్నాను. నువ్వు కదల్లేదు. నీ వెనకనుంచి బొజ్జాయన ఒగురుస్తూ వచ్చి, నీ కోసం పట్టుకున్న సందులోంచి అడ్డంగా తిరిగి లోపలికి దూరిపోయాడు. ఆయన్ని ఆపాలని తట్టేలోపే అయిపోయింది. అప్పుడు మూశాను.

ఆయన రాకపోతే ఓట్లు సరిసమానం. సమానమైతే తేల్చాల్సింది స్పీకర్ గారు. ఉన్న ప్రభుత్వాన్ని స్పీకర్ తన ఒక్క ఓటుతో కూలదోయడన్నది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అందరికీ తెలుసు. అంటే ఏమిటి? ప్రభుత్వాన్ని పడగొట్టింది నీ ఓటు కాదు. నా చెయ్యి.

ఆ రోజే ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే ఎవరి కోసం పట్టుకున్నావని అడుగుతారు. ఆవిడెందుకు రాలేదని అడుగుతారు. నువ్వు గ్లాసు పట్టుకుని నిలబడ్డావని చెప్పాల్సి వస్తుంది. అందుకే నోరు మూసుకుని, ప్రభుత్వం దిగిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. నిన్ను కాపాడుకుందామని ఊరుకున్న నన్ను పట్టుకుని ఎవరి మనిషివని అడుగుతావా? నీ మనిషినే! అదే నా ఖర్మ!

నువ్వు రాయమన్నట్టే నిన్న రాసిచ్చాను. కానీ బెల్లు మోగుతుండగా మూశానని కాదు. ఆగాక కూడా తెరిచి ఉంచానని. స్పీకర్ గారు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ పూటే చెప్పి ఉంటే మళ్లీ ఓటింగ్ పెట్టేవాణ్ణి కదయ్యా. ఇప్పుడు సభే లేదు. లేని సభతో ఏం ఓటింగ్ పెట్టను?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఎవరి కోసం పట్టుకున్నావని అడిగారు. నేను చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. పేపర్లు ఆయనా చదువుతారు.

యూనిఫాం వెనక్కి ఇచ్చేయమన్నారు. విచారణ అయ్యేదాకా ఆ భవనం ఛాయలకి రాకూడదన్నారు. మీ వదిన దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, తెగిన ఒక కుట్టు వేసి మరీ ఇచ్చింది.

నువ్వెందుకు రాలేదు? అదొక్కటి చెప్పు. ఇంకేమీ వద్దు.

అన్నయ్య

మార్చి 4

అన్నయ్యా,

ఎవరు పట్టుకోమన్నారు నిన్ను?

ఎవరు పట్టుకోమన్నారు? మూసేయాల్సింది కదా! బెల్లు ఆగగానే మూసేయాల్సింది కదా! మంత్రి కోటు మీద మూశావు, పార్టీ అధ్యక్షుడి ముక్కు మీద మూశావు, ఒక్కరి కోసం ఒక్క క్షణం ఆగని మనిషివి, నా దగ్గరికొచ్చేసరికి నీకు ప్రేమ పుట్టుకొచ్చిందా?

ఎందుకు రాలేదని అడిగావు. చెప్తాను. ఆ రోజు గ్యాలరీలో కుడివైపు పై ఊళ్లవాళ్లు కూర్చున్నారు. ఎడమవైపు టౌనువాళ్లు కూర్చున్నారు. రెండు గుంపులకీ పాసులు ఇప్పించింది నేనే. పై ఊళ్లలో ఓట్లడిగినప్పుడు "డ్యామ్ తాళం మన రాష్ట్రం చేతిలోంచి పోనివ్వను" అన్నాను. టౌనులో అడిగినప్పుడు "ఆ తాళం కేంద్రం చేతికి ఇప్పిస్తాను" అన్నాను. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరూ ఓట్లేశారు. వాళ్లు ఒకళ్లనొకళ్లు కలుసుకోరు కదా అనుకున్నాను. ఒకే రోజు, ఒకే గ్యాలరీలో, నేను లేచి నిలబడతానో కూర్చుంటానో చూడ్డానికి ఎదురెదురుగా కూర్చుంటారని అనుకోలేదు.

కూలర్ దగ్గర నిలబడ్డాను. అవును. ఎందుకంటే అక్కడ నువ్వున్నావు. మా అన్నయ్య బెల్లు ఆగగానే మూస్తాడు, అది మాత్రం తప్పదు, మూసేస్తే పీడా పోతుంది, ఔనూ అనక్కర్లేదు కాదూ అనక్కర్లేదు, బయట చిక్కుకుపోయానని ఇద్దరికీ చెప్పుకోవచ్చు అనుకున్నాను. బొజ్జాయన క్యాంటీన్లోంచి ఎలాగూ అందుకోలేడు, నా ఒక్క ఓటు తగ్గితే సమానమవుతుంది, ప్రభుత్వమూ పడదు, నా పరువూ పోదు. అన్నీ లెక్క వేసుకునే నిలబడ్డాను. నీ ఒక్కడి మీద నమ్మకంతో నిలబడ్డాను అన్నయ్యా! నీ మీదున్న నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు. ఆ నమ్మకాన్ని నువ్వు తలుపు పట్టుకుని మరీ ముంచేశావు.

ఇంతా చేసి నీది ప్రేమ, నాది మోసం. అలాగే రాసుకో.

పార్టీ టికెట్ ఇవ్వలేదు. నువ్వు స్పీకర్ కి రాసిచ్చినది బయటికి పొక్కింది. ఇప్పుడు పేపర్లవాళ్లు రాసేది ఏమిటో తెలుసా? "చెల్లి కోసం సభ తలుపే ఆపిన అన్న." కొందరు మెచ్చుకుంటూ రాశారు. అవి చదివితే ఇంకా ఒళ్లు మండింది.

నేను స్వతంత్రంగా నిలబడుతున్నాను. పోస్టర్లు అచ్చయ్యాయి. "అందరి మనిషి, మన అక్క" అని పెట్టాం. ఎన్నికలు ఏప్రిల్ మొదటి ఆదివారం.

వదిన గురించి రాసింది తప్పు. పేపరువాడికి చెప్పింది మీ బావ. సెలూన్లో గడ్డం చేయించుకుంటూ, "పార్లమెంటులో మావాళ్లు ఇద్దరున్నారు, ఒకళ్లు లోపల, ఒకళ్లు తలుపు దగ్గర" అని గొప్పలకు పోయాడట. పక్క కుర్చీలో విలేఖరి. వదినకి నా మాటగా ఏం చెప్తావో నాకు తెలీదు. ఎదురుపడితే కాళ్ల మీద పడతానని చెప్పు.

నీ మీద మాత్రం కోపం పోలేదు.

చెల్లెలు

మార్చి 11

చిట్టీ,

మీ వదిన ఇలా అంది: "కాళ్ల మీద పడక్కర్లేదు, ముందు కాళ్ల మీద నిలబడమనండి." ఆవిడ అలాంటివి రోజూ అనదు. రాసి పెట్టుకో.

నేను తప్పు చేశాను, విచారణ ముగిసి ఉద్యోగం పోయింది, సరిపోయింది. నాది అయిపోయింది. నీది అవలేదు.

"అందరి మనిషి" అంటావా? ఇంత జరిగాక కూడా? పోస్టరు ఫొటో బావ పంపించారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోడ మీద పిల్లి బొమ్మ వేసి ఉంటే సరిపోయేది. నువ్వు మళ్లీ గ్లాసు పట్టుకుని నిలబడ్డావే! ఈసారి కూలర్ కూడా లేదు.

ఆ తలుపు దగ్గర ఇన్నేళ్లు నిలబడితే నాకు ఒక సంగతి తెలిసింది. లోపలికి వెళ్లే ప్రతివాడి వెనకా ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరు అక్కడిదాకా రాలేదు గనక వాణ్ణి పంపింది. వాడు లోపలికెళ్లి ఔనంటే ఊరు ఔనన్నట్టు, కాదంటే కాదన్నట్టు. నచ్చకపోతే మళ్లీసారి దించేస్తారు. అదే కదా మొత్తం ఏర్పాటు? దించేయడానికైనా వాడు ఏదో ఒకటి అని ఉండాలి కదా! బయట నిలబడ్డవాణ్ణి ఏమని దించుతారు? నీ పాటికి నువ్వు తప్పుకుంటే పోయింది నీ ఓటు ఒక్కటి కాదు. పై ఊళ్లదీ పోయింది, టౌనుదీ పోయింది.

నా ఓటు ఇంకా అక్కడే ఉంది. మన పాత వీధి చివర స్కూలు బూత్ లో. ఇన్నేళ్లూ మార్చుకోలేదు. నాకు ఆ సభలో ఏనాడూ ఓటు లేదు, అందరి ఓట్లకీ తలుపు తీశాను, అంతే. నాకున్నది ఈ ఒక్కటే. ఇప్పుడు ఖాళీగా ఉన్నాను, బస్సెక్కి వచ్చి వేయగలను.

కానీ ఒకటి అడుగుతాను. ఆ బిల్లు మళ్లీ వస్తుంది, ఎవరు గెలిచినా వస్తుంది. ఔనంటావా, కాదంటావా? నాకు రాయకు. నాకు రాస్తే ఏం లాభం? ఔనైతే పై ఊళ్లకి వెళ్లి చెప్పు. కాదైతే టౌనుకి వెళ్లి చెప్పు. ఎవరికి నచ్చదో వాళ్ల మొహం మీద చెప్పు. అప్పటిదాకా నేను రాను.

కొళాయి ఇంకా కారుతోంది. క్వార్టర్ ఖాళీ చేయమంటారు కాబట్టి ఇక అది నాకు అనవసరం.

అన్నయ్య

మార్చి 29

అన్నయ్యా,

చెప్పాను.

నిన్న సాయంత్రం టౌనులో, బస్టాండ్ ఎదురుగా. నా పోస్టర్లు అప్పటికే చింపించేశాను. లారీ మీద నిలబడి మైకు పట్టుకుని చెప్పాను. కాదు అని. ఆ బిల్లు వస్తే కాదంటాను అని. మీకు అటు మాటిచ్చాను, పై ఊళ్లవాళ్లకి ఇటు మాటిచ్చాను, రెండూ నిజం కాలేవు, ఒకటి అబద్ధం, ఆ అబద్ధం చెప్పింది మీకే అని.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదటి చెప్పు వచ్చింది.

తప్పించుకుని, మిగతాది చెప్పాను. రాష్ట్రం మనకు నీళ్ల విషయంలో అన్యాయం చేస్తోందా? చేస్తోంది. మొన్న వరదకి మీ ఇళ్లు మునిగినప్పుడు గేట్లెత్తిన సంగతి ఎవరూ మీకు చెప్పలేదు, నిజమే. కానీ ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని దించడానికి మన ఓట్లు చాలుతాయి. పోయినసారి దించింది మనమే కదా. అదే తాళం కేంద్రానికి ఇచ్చామనుకోండి. అంత పెద్ద సభలో మన ఊరికి మనిషి ఒక్కరు. ఆ ఒక్కరూ ఎలాంటివాళ్లో మీకు ఈమధ్యే తెలిసింది. ఆ ఒక్కరు కూలర్ దగ్గర నిలబడిపోతే మీ గోడు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? దూరంగా ఉన్న మంచి రాజు కంటే, కోపమొస్తే పోయి నిలదీయగలిగే దగ్గరి దొంగే నయం. కేంద్రం చేయాల్సినవి కేంద్రం చేయాలి. ఇది దానిది కాదు.

ఇలా చెప్పాను. నీకు ఇక్కడ రాసినంత చక్కగా చెప్పలేదు. సగం అరుపుల్లో పోయింది. ఒక ముసలాయన లారీ దగ్గరకొచ్చి, "నీకు ఓటు వెయ్యను గానీ, ఏం చేస్తావో ముందే చెప్పావు. అది బాగుంది" అన్నాడు. ఇంకొకావిడ ఉమ్మేసింది. మీ బావ చొక్కా చిరిగింది. వదినకి చెప్పు, కుట్టించుకోవడానికి వస్తాడు.

గెలవను. అది నాకు తెలుసు. టౌను ఓట్లు పోయాయి. పై ఊళ్లవాళ్లు కూడా "మాకు ఇన్నాళ్లూ తెలియకుండా వాళ్లకీ మాటిచ్చిందా" అని మండిపడుతున్నారు. అయినా పోటీలోంచి తప్పుకోను. పోతే ఎదురెళ్లి ఓడిపోయినట్టు పోతాను. బయట చిక్కుకున్నట్టు కాదు.

నీ మీద కోపం ఇంకా అలాగే ఉంది. నా మీద కూడా ఉంది, కానీ నీ మీదే ఎక్కువ. నువ్వు తలుపు పట్టుకున్నావని తలుచుకున్నప్పుడల్లా కోపమొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది, ఏడుపొచ్చినందుకు మళ్లీ కోపమొస్తుంది.

నువ్వడిగింది చేశాను. ఇప్పుడు బస్సెక్కు. నాకే వెయ్యాలని లేదు, నీ ఇష్టం వచ్చినవాళ్లకి వేసుకో. స్కూలు బూత్ సాయంత్రం ఐదింటికి మూస్తారు. పాత వీధి చివర, నీకు దారి చెప్పక్కర్లేదు. నేను గేటు బయటే ఉంటాను, వచ్చే ప్రతివాళ్లతోనూ "మా అన్నయ్య వస్తున్నాడు" అని చెప్తూ ఉంటాను. కానీ ఆలస్యం చేస్తే నీ కోసం ఎవరూ ఆ తలుపు పట్టుకోరు. నన్ను పట్టుకోమన్నా పట్టుకోను.

ముందే వచ్చేయ్.

చిట్టి